ద్రౌపది కోపం: కారణమా, హేతువా?

విరాటపర్వంలో కీచకుడు ద్రౌపదిని నిండుసభలో తన్నే ఘట్టాన్ని తిక్కన ఔచిత్యానికి ఉదాహరణగా విమర్శకులు తరచు చూపుతారు. ఆ మెప్పు న్యాయమే. కాని ఔచిత్యం అన్న ఒక్క మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఈ కోపానికి తగిన హేతువు ఉందా? దాన్ని ఇప్పుడు, ఇక్కడ చూపడం మంచిదా?

హేతువు అంటే కారణం కాదు. నిద్రలేక చిరాకు పడితే నిద్రలేమి కారణం మాత్రమే. జరిగిన అన్యాయం కోపాన్ని సమర్థిస్తుంది, కనుక అది హేతువు. బోగోలు మండలంలోని జువ్వలదిన్నె తీరాన్ని తలచుకోండి. తుఫానులో చిక్కిన మత్స్యకారుడి భయం తగినదే, ఎదుట ప్రమాదం ఉంది. చేతులు వణికితే పడవ నడపలేడు కనుక భయపడకపోవడం అతనికి మేలు. అంతమాత్రాన ఆ భయం అకారణమని అనలేం. ఒక భావం కలగడం మంచిది కాదు కాబట్టి అది తగినదే కాదని తేల్చడాన్ని జస్టిన్ డార్మ్స్, డేనియల్ జేకబ్సన్ 2000లో ‘నైతికవాద దోషం’గా గుర్తించారు.

ఇప్పుడు సభలోకి వద్దాం. వలలుడి వేషంలో ఉన్న భీముడు కోపంతో చెట్టు వైపు చూస్తాడు. పదిమందికీ పనికివచ్చే చెట్టును వంటచెరకు కోసం కూల్చవద్దని ధర్మరాజు మర్మంగా వారిస్తాడు. అజ్ఞాతవాసం బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవిపాలు. ఆ మాటలో వివేకం ఉంది. ద్రౌపదితో మాత్రం వేరే విధంగా మాట్లాడతాడు. సభలో నాట్యం చేస్తున్నట్టు నిలబడడం కులస్త్రీకి తగదంటాడు. ఒకే అవమానం, రెండు కోపాలు. భీముడికి సమయం అడ్డు, ద్రౌపదికి మర్యాద అడ్డు. ఆమె కోపం అన్యాయమని మాత్రం ఆయన కూడా అనడు, అనలేడు.

తన భర్తే నటుడని ద్రౌపది ఇచ్చిన సమాధానాన్ని చాలామంది ఎత్తిపొడుపుగానే చదువుతారు. నాకు అది వాదంగా కనిపిస్తుంది. వేషం మాటున బతికేవాడు మర్యాద పేరిట తన కోపాన్ని కొలవజాలడని ఆమె అంటోంది. ఆ రాత్రి వంటశాలలో భీముణ్ణి లేపి ఆమె తన కష్టాలను ఒక్కొక్కటిగా చెబుతుంది. సమయం కాదన్న మాట కోపాన్ని వాయిదా వేసింది కాని, దాని హేతువును చెరపలేదు.

అయితే కోపం తగినదైనంత మాత్రాన కీచకవధ ధర్మమైపోదు. దానికి వేరే హేతువు కావాలి. న్యాయం చేయవలసిన విరటుడు కీచకుణ్ణి దండించకుండా ఊరుకున్న పద్యాల దగ్గర ఆగి దాన్ని వెతకండి.