సమాధా? చెత్త గుంతా?

పైమట్టి తీసేశాక పురాతత్వవేత్తకు నేల మీద కనిపించేది ఒక నల్లటి మచ్చ మాత్రమే. అది ఆరడుగుల పొడవుండి, తూర్పు పడమరలుగా ఉంటే సమాధి అని రాసేయడం తేలిక. ఆ తేలికే నన్ను భయపెడుతుంది. ఇంగ్లండ్‌లోని మకింగ్‌లో 1965 నుంచి 1978 దాకా మార్గరెట్ జోన్స్ బృందం తవ్వినప్పుడు ఆంగ్లో-శాక్సన్ల గుంత ఇళ్లు 200కు పైగా, వాటితోపాటు రెండు శ్మశానాలూ బయటపడ్డాయి. బతికినవాళ్లు తవ్వుకున్న గుంతలూ చనిపోయినవాళ్ల కోసం తవ్విన గుంతలూ ఒకే నేలలో ఉన్నచోట ఆకారాన్ని, దిక్కును నమ్మి తీర్పు చెప్పలేం. గుంత ఎలా పూడిందన్నదే అసలు సాక్ష్యం అంటాను. సమాధిని తవ్విన మట్టితోనే వెంటనే పూడుస్తారు. అందుకే అడుగుమట్టి పెళ్లలు పైమట్టితో కలగలిసి ఉంటాయి. చెత్త గుంత చాలాకాలం తెరిచే ఉంటుంది. దాని అంచులు వానకు కరుగుతాయి, అడుగున సన్నటి ఒండ్రు పేరుకుంటుంది, ఆపైన బూడిద, కుండపెంకులు, పశువుల ఎముకలు పొరలు పొరలుగా పడతాయి.

ఇంత శ్రమ ఎందుకు, మనిషి ఎముకలుంటే సమాధి, లేకుంటే కాదు అనేవారున్నారు. వారికి ఇంగ్లండ్‌లోనే ఉన్న సటన్ హూ శ్మశానం జవాబు చెబుతుంది. 1939లో అక్కడ 27 మీటర్ల ఓడలో నిధులు దొరికాయి, శవం జాడ లేదు. అది శవం లేని ఉత్తుత్తి సమాధేమోనని కొందరు వాదించారు. కానీ అక్కడిలాంటి ఆమ్లగుణమున్న ఇసుక ఎముకను కూడా కరిగించేస్తుంది. ఆ తర్వాతి పరీక్షల్లో బయటపడ్డ ఫాస్ఫేట్ అక్కడ దేహం ఉండేదన్న వాదనకు బలమిచ్చింది. 1980లలో అదే మైదానంలో తవ్వితే కొన్ని శవాలు గట్టిపడ్డ నల్లటి ఇసుక రూపాలుగానే మిగిలి ఉన్నాయి.

రెండో అభ్యంతరం బలమైనది. ఇంగ్లండ్‌లోని కెంట్‌లోలా సమాధులను మళ్లీ తెరిచిన చోట్ల, శవపేటిక కుంగి పైమట్టి దిగిన చోట్ల సమాధిలోనూ పొరలు ఏర్పడతాయి. నిజమే. కానీ మళ్లీ తవ్విన గాటు పాత పూడికను కోస్తూ విడిగా కనిపిస్తుంది, అది చేరని చోట మొదటి పూడిక మిగిలే ఉంటుంది. చెత్త గుంతలోనే మనిషిని పాతిపెడితే? అప్పుడు గుంతను ఎందుకు తవ్వారు, చివరికి ఎందుకు వాడారు అనేవి రెండు ప్రశ్నలు. రెండింటికీ విడివిడిగా జవాబు రాయాలి.

తవ్విన గుంతను మళ్లీ తవ్వలేం. అందుకే పొరలు గీసి, మట్టి నమూనా తీసి, ఆ తర్వాతే దానికి పేరు పెట్టాలి. చెత్త గుంత అని తొందరపడి రాస్తే, ఒక మనిషికి జరిగిన అంత్యక్రియలను చరిత్రలోంచి తుడిచేసినట్టే.