కథలో నంతరార్థము

కథలు కాలక్షేపమునకే గాని విచారణకు గావనియు, వానిలో నంతరార్థము వెదకువారు లేనిదానిని గల్పించుకొందురనియు గొందఱందురు. ఈ మాట పూర్తిగ నసత్యము గాదు. గ్రంథమున నాధారము లేని యర్థమును బలవంతముగ నంటగట్టు వ్యాఖ్యాతలు లేకపోలేదు. అంతమాత్రమున నర్థాన్వేషణమే వ్యర్థమనుట, తాలుగింజలున్నవని పంటనే కోయకుండుట వంటిది.

గురజాడ అప్పారావుగారు 1910వ సంవత్సరమున బ్రకటించిన “దిద్దుబాటు” కథను దీసికొందము. గోపాలరావు రాత్రి చాల ప్రొద్దుపోయి యిల్లు చేరును. భార్య కమలిని కానరాదు. పుట్టింటికి బోవుచున్నానని యామె వ్రాసిన యుత్తరము మాత్రము దొరకును. పది దినములుగా భర్త సభలకని చెప్పి సానిపాటకు బోవుచుండుట యామె యెఱిగినది. అతడు పరితపించును. తుదకు మంచము క్రిందనుండి నవ్వును, గాజుల చప్పుడును వినవచ్చును.

సంఘటనలను మాత్రము చూచినచో నిది యిల్లాలి కొంటెతనపు కథ. నవ్వి పుస్తకము మూయవచ్చును. కాని యా బొంకు సభ పేరిటనే యేల యుండవలెను? వ్యాపారమనియో, బంధువుల యిల్లనియో చెప్పింపవచ్చును గదా! ఇచ్చట లోకహితమే ముసుగైనది. నౌకరు నెదుట స్త్రీవిద్యను, భార్య గౌరవమును గూర్చి యుపన్యసించు నోటితోనే యతడు భార్యకు గల్లలాడినాడు. ఇది కనిపెట్టినంతనే నవ్వు గోపాలరావును దాటి, సంస్కరణాభిమానులమని చెప్పుకొను మన మీదికి వచ్చును.

ఉత్తరమును జూడుడు. తానింట నుండుటచేతనే భర్తకు నసత్యమాడవలసి వచ్చినదని కమలిని వ్రాయును. పైకిది స్వనింద, లోన నభియోగము. అతడు నేర్పిన చదువే యతని తప్పు దిద్దుచున్నది. కథకు బెట్టిన పేరే యిందులకు సాక్ష్యము. ఇదంతయు మేము తెచ్చి పెట్టినది గాదు, పుటలో నున్నదే.

కథ చెప్పని దానిని గూడ నడుగవలెను. ఆ పాటకత్తె కథారంగమునకు రానేరాదు. “కన్యాశుల్కము”న మధురవాణికంతటి వాక్కు నిచ్చిన రచయిత యిచ్చట నామెను తెఱవెనుకనే యుంచినాడు. ఇల్లు చక్కబడినది, ఆమె గతి యేమి? దీనికి రచయిత యుద్దేశమేదో నిర్ణయింపజాలము. కాని ప్రశ్న న్యాయమైనదే.

అర్థము వెదకుట పండితుల వినోదము గాదు. భర్త పలికిన మాటను దాటి, యది యేల పలుకబడెనో విచారించిన కమలినియే యీ కథలో నుత్తమ పఠిత. మన బాలబాలికలకు, గృహిణులకు అక్షరములు నేర్పి యీ విచారణ నేర్పకున్న, వారి చేతికి దీపమిచ్చి వత్తి నీయనట్లే. కథ నిట్లు చదువనేర్చిన యింటిలో “సభకు బోవుచున్నా”నను మాట యంత సులభముగ జెల్లదు.