బండ తీసే చేతులు

వంటగట్టు రోజూ తుడుస్తాం. దాని మీద పరిచిన నాపరాయిని ఎవరు తీశారో మాత్రం అడగం. కర్నూలు సీమలో బేతంచెర్ల, కడప వైపు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు: మన నాపబండలకు పేరున్న పుట్టిళ్లు ఇవి. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. వానలు మొహం చాటేసే ఈ నేలలో ఒకప్పుడు సముద్రమట!

ఆ పొరల్ని విడదీయడంలోనే ఉంది పనితనమంతా. గని పనివాడు సుత్తితో తట్టి చెవి పెడతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల బీటుంటే మొద్దుగా పలుకుతుంది. పొర సందు చూసి ఉలి దించి, గడ్డపారతో మెల్లగా ఎత్తితే మంచం వెడల్పు బండ అట్టు తిరగేసినట్టు లేచి వస్తుంది. ఒక్క దెబ్బ ఎక్కువైతే ముక్కలే. ఈ లెక్క ఏ కాలేజీలోనూ చెప్పరు. ఎండలో, అందులోనూ ఏప్రిల్‌, మే నెలల్లో, గని గుంతలో నిలబడి చూస్తే గానీ తెలియదు.

చెన్నైలో, ముంబైలో కూడా ఈ బండ కడప పేరు మీదే అమ్ముడవుతుంది. తీసినవాడి పేరు మాత్రం ఏ బిల్లులోనూ ఉండదు. మన కృతజ్ఞత మాటల్లోనే ఆగిపోకూడదు. దుమ్ముకు మాస్కు, కంటికి అద్దాలు, ప్రమాద బీమా, ఈ మూడూ ప్రతి గని కూలీకీ అందాల్సిందే.