తాళం వేసిన ఇంటి ముందు పిల్లవాడు

ఇంగ్లీషు కథల పుస్తకాలు చదివే పిల్లలున్న తల్లులకు ఎనిడ్ బ్లైటన్ పేరు కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. అన్నానికి పిలిస్తే "ఒక్క పేజీ అమ్మా!" అంటూ కంచం ముందు మనల్ని అరగంట కూర్చోబెట్టే పుస్తకాలు ఆవిడవి. నలుగురు పిల్లలు, ఓ కుక్క, బడికి సెలవులు, సముద్రం మధ్య దీవి, ఆ దీవిలో పాడుబడ్డ కోట. ఇంతకన్నా ఏం కావాలి? 1942లో మొదలైన ఈ 'ఫేమస్ ఫైవ్' కథలు 1963 నాటికి 21 అయ్యాయి. 'సీక్రెట్ సెవెన్' 15, 'ఫైవ్ ఫైండ్ ఔటర్స్' మరో 15. విడిగా రాసినవి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది.

ఈ మిస్టరీల్లో ఒక కిటుకు ఉంది. కథ కదలాలంటే ముందు పెద్దవాళ్ళు అడ్డు తప్పుకోవాలి. జార్జ్ తండ్రి క్వెంటిన్ గారు సైంటిస్టు. గదిలోంచి బయటికి వస్తే కసురుకోవడానికే. తల్లి ఫానీ పిల్లలకి బుట్టనిండా తిండి సర్ది పంపేసి మళ్ళీ కథలో కనిపించదు. పిల్లలు గుహల్లో దూరి, దొంగల్ని పట్టి, సాయంత్రానికి కేకుల వేళకి ఇంటికి చేరతారు. తలుపు తీసే ఉంటుంది. ఆ కేకులు చేసిందెవరో, గిన్నెలు తోమిందెవరో దొంగల వేటలో ఎవరికీ గుర్తుండదు. ఆడవాళ్ళం కనక మనకి మాత్రం గుర్తొస్తుంది!

ఆ తలుపు తీసి ఉండకపోతే? ఈ ప్రశ్న మిస్టరీల్లో రాదు. బ్లైటన్ రాసిన కుటుంబ కథల్లో వస్తుంది. పిల్లలు వీటిని అంతగా వెతుక్కుని చదవరు గానీ, పెద్దవాళ్ళు చదవవలసినవి ఇవే. వాటిలో నన్ను వదలకుండా వెంటాడినది 1951లో వచ్చిన 'ది సిక్స్ బ్యాడ్ బాయ్స్'.

కథ ఇదీ. బాబ్ కెంట్‌కి తండ్రి లేడు. తల్లి ఉద్యోగంలో చేరుతుంది. బాబ్ బడినుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. పలకరించే మనిషి లేదు, వేడిగా ఇంత టీ లేదు. ఉక్రోషంతో వాడు ఇంట్లో చేతికందినవి పగలగొడితే, తల్లి ఇంటికి తాళం వేసి పోవడం మొదలుపెడుతుంది. దగ్గర్లోనే ఉండే టామ్ బర్క్‌లీది ఇంకో అవస్థ. అమ్మా నాన్నా నిత్యం కీచులాటే. సాధింపులు భరించలేక ఒకరోజు తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. ఇంట్లో నిలవలేని ఈ ఇద్దరూ ఒక నేలమాళిగలో చేరే నలుగురు పేదింటి పిల్లలతో కలుస్తారు. ఆకతాయితనం దొంగతనమై, చివరికి అందరూ పిల్లల కోర్టుకెక్కుతారు.

ఇందులో పిల్లల మనసు పట్టుకున్న తీరుకి బ్లైటన్‌ని మెచ్చుకోకుండా ఉండలేం. తండ్రి లేని లోటు, తల్లిమీద అలక, 'నేనెవరికీ అక్కర్లేదు' అనే దిగులు ఎక్కడా అతకని మాటల్లా ఉండవు. ఉండవు మరి, ఆవిడ పడ్డవే కదా! 1910లో, ఎనిడ్‌కి దాదాపు పదమూడేళ్ళ వయసులో, ఆమె తండ్రి మరో స్త్రీ కోసం ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఎవరైనా అడిగితే ఊరికెళ్ళారని చెప్పమంది తల్లి. లోకం నోటికి భయపడి ఇంటిగుట్టు దాచుకునే తల్లులు ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు. ఆ పిల్ల గదిలో తలుపేసుకుని కథలు రాసుకుంది. పెద్దయ్యాక తండ్రి అంత్యక్రియలకీ వెళ్ళలేదు, తల్లి అంత్యక్రియలకీ వెళ్ళలేదు.

అయితే నాకు పేచీ వచ్చేది ఇక్కడే. ఎనిడ్ జీవితంలో ఇల్లు వదిలి వెళ్ళినవాడు తండ్రి. నవలలో వెళ్ళేవాడూ తండ్రే. కానీ నేరం ఎవరి మెడకి చుట్టుకుంది? సాధించినందుకు టామ్ తల్లికి, ఉద్యోగానికి వెళ్ళినందుకు బాబ్ తల్లికి! 'ఫైండ్ ఔటర్స్' కథల్లో గూన్ అని ఓ పోలీసాయన ఉంటాడు. ముందు కంటబడ్డ వాణ్ణే దొంగ అనుకోవడం ఆయన అలవాటు. ఆయన్ని చూసి పిల్లలు నవ్వుతారు. అన్ని మిస్టరీలు అల్లిన ఆవిడ సంసారం దగ్గరికొచ్చేసరికి అచ్చం గూన్ గారిలాగే తీర్పు చెప్పేసింది.

పోనీ, ఆవిడ వంటింట్లో కూర్చున్న ఇల్లాలా? మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకి పదివేల మాటలు టైపు చేసిన మనిషి. ఇంట్లో ఆయాలు, పనివాళ్ళు. చిన్నకూతురు ఇమోజెన్ 1989లో రాసిన జ్ఞాపకాల్లో, అమ్మలో మాతృప్రేమ కనిపించలేదని తేల్చేసింది. పెద్దకూతురు గిలియన్‌కి మాత్రం అమ్మంటే తీపి గుర్తులే. ఒకే అమ్మ, ఇద్దరు కూతుళ్ళు, రెండు సాక్ష్యాలు! 1942లో మొదటి భర్తతో విడాకులయ్యాక, పిల్లలు ఆయన్ని కలవకుండా చేసింది కూడా ఈవిడే. నాన్న కోసం గుమ్మంవైపు చూసిన పిల్ల, తన పిల్లలకి ఆ గుమ్మమే మూసేసింది. ఇది చదివితే కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది.

ఇంతకీ రచయిత్రి తీర్పు ఒకటైతే, ఆవిడ కథ చెప్పేది ఇంకొకటి. అదే నాకు నచ్చిన సంగతి. బాబ్‌ని ఒడ్డెక్కించినది తల్లి ఉద్యోగం మానడం కాదు. పొరుగునే ఉన్న మెకంజీల ఇల్లు. వాళ్ళింట్లో ముగ్గురు పిల్లలు, తీసి ఉన్న తలుపు, ఇంకో కప్పు టీ. కోర్టు తరువాత బాబ్‌ని తమ దగ్గర ఉంచుకునేది వాళ్ళే. అంటే వాడికి కరువైంది ఇరవై నాలుగ్గంటలూ ఇల్లు కాచుకునే అమ్మ కాదు, బడినుంచి వచ్చే వేళకి "వచ్చావా నాన్నా" అనే మనిషి. ఆ మనిషి అమ్మే కానక్కర్లేదు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మా తాళంచెవి పక్కవాటా పిన్నిగారి దగ్గరుండేది. మా అబ్బాయి ముందు ఆవిడ పెట్టిన అటుకులు తిని, తీరిగ్గా ఇంటికొచ్చేవాడు. వాణ్ణి అడిగితే ఆ అటుకులే గుర్తున్నాయంటాడు, తాళం గుర్తులేదట!

కనక, పిల్లలు 'ఫేమస్ ఫైవ్' చదువుకుంటే చదువుకోనివ్వండి. ఆ దీవులూ సొరంగాలూ వాళ్ళ హక్కు. 'సిక్స్ బ్యాడ్ బాయ్స్' దొరికితే మాత్రం ముందు మీరు చదవండి, మీవారి చేతికీ ఇవ్వండి. బాబ్ ఏడుపు నమ్మండి, అది అక్షరాలా నిజం. వాళ్ళమ్మ మీద రచయిత్రి వేసిన నేరం మాత్రం ఇంకోసారి విచారణకి పెట్టండి. ఆ పుస్తకంలో ఆ తల్లి తరఫున వకీలే లేడు పాపం.