సంక్రాంతికి మంచుకొండ

మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారికి అటు చివర శ్రీనగర్ ఉంది. ఈ సంగతి మా మేనల్లుడికి ఈ వారమే తెలిసింది. అప్పట్నుంచి ఒకటే పాట: ‘మామయ్యా, మనూరి రోడ్డే గుల్‌మార్గ్ దారి పట్టిస్తుంది, ఇంకేం ఆలోచన?’ శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి రామగుండం చేరుస్తుంది, అలాగని సెలవులకు బొగ్గు గనులు చూడబోతామా అన్నాను. నవ్వలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటు చూపించాడు. ఏ కొండ ఎంత ఎత్తు, ఎన్ని అంగుళాల మంచు, లిఫ్టుకు ఎంత, అన్నీ గళ్లలో ఉన్నాయి. కొండకు మార్కులు వేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాడి తప్పు కూడా లేదు. ఉద్యోగం సాల్ట్‌లేక్ సిటీలో. భూమ్మీద ఇంతటి మంచు లేదని కార్ల నంబరు ప్లేట్ల మీదే రాసుకునే రాష్ట్రం అది. ఉప్పు సరస్సు మీదుగా వచ్చే గాలి తేమ అందుకుని ఇంకాస్త ఎక్కువ కురిపిస్తుందట. శామీర్‌పేట చెరువు మీదుగా వచ్చే గాలికి ఇన్నేళ్లలో అంటింది దాబాల మసాలా వాసనే.

వాడికి కావలసింది పౌడర్. అంటే రాత్రి కురిసి, ఇంకా ఎవరూ తొక్కని పొడి మంచు. గట్టి చలిలో పడ్డ మంచులో నీరు తక్కువ, గాలి ఎక్కువ, ఊదితే లేస్తుంది. మధ్యధరా వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు దాన్ని కశ్మీర్ కొండల మీద దింపుతాయి. అవి దాటిపోయాక వెనక వచ్చే ఉత్తరపు గాలే మన హకీంపేటలో పళ్లు కటకటలాడిస్తుంది. ఆ రకంగా చూస్తే మనకూ కొంత వాటా ఉంది.

అక్క మాత్రం ఔలీ అంది. ఆమె ఎరిగిన మంచు లోయర్ ట్యాంక్‌బండ్‌లో 2004లో తెరిచిన స్నో వరల్డ్‌దే. ఆమె షీటులో ఒకే గడి: ‘చలికాలం బదరీనాథ్ గుడి మూస్తరు గద, అప్పుడు పూజలు జోషీమఠ్ నరసింహస్వామి గుళ్లె అయితయట. ఔలీ ఆ పైనే.’ యాదగిరిగుట్టకు ఏడాదికోసారైనా పోనిదే తోచని మనిషి ఇంకేం చెబుతుంది? బావ సంగతి వేరు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో జరిగింది టీవీలో చూసినప్పట్నుంచి కశ్మీర్ మాటే ఎత్తనివ్వడు. ఆ భయాన్ని వాదించి తీయలేం.

నాకు నచ్చనిది ఇంకొకటి. మేనల్లుడు ఏడెనిమిది శీతాకాలాలు స్కీయింగ్ చేసినవాడు. వాడి వెంట పోయేవాళ్లు స్కీలు ముట్టుకోనివాళ్లు. గుల్‌మార్గ్ గండోలా రెండు అంచెలు. 1998లో వచ్చిన మొదటిది కొంగ్‌డూరిలో దించుతుంది, 2005లో వచ్చిన రెండోది అఫర్వత్ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కణ్నుంచి దిగేది ఎక్కువగా యంత్రాలు చదును చేయని వాలు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు.

స్కీయింగ్‌లో మొదట నేర్పేది ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరకు తెచ్చి, వెనక కొసలు ఎడం చేసి, లోపలి అంచులు మంచులో దింపి వేగం చంపుకోవాలి. తొక్కి గట్టిపరిచిన వాలు మీద పనికొచ్చే ఈ కిటుకు మోకాలి లోతు పౌడర్‌లో సరిగ్గా పారదు.

ఇక్కడ నాకు బావి గుర్తొస్తుంది. మళ్లీ మేడ్చల్ ద్రాక్ష మొదలుపెట్టాడని పాత పాఠకులు పేజీ తిప్పేస్తారేమో, తిప్పనివ్వండి. కొంపల్లి నుంచి మేడ్చల్, శామీర్‌పేట దాకా పందిళ్ల మీద అనాబ్-ఇ-షాహీ గుత్తులు వేలాడిన రోజులు. మా పెదనాయన తోటలో రాతి కట్టుబడి బావి ఉండేది. వేసవి సెలవుల్లో మా ఈత బడి అదే. ఎండిన సొరకాయ బుర్ర వీపుకు, తాడు నడుముకు. మోటారు గద్దె మీదినుంచి దూకే పెద్ద పిల్లల్ని చూసి నేనూ దూకుతానని ఏడ్చేవాణ్ని. పెదనాయన దూకనిచ్చేవాడు కాదు. ‘దుంకుడు ఎవడన్న దుంకుతడు బిడ్డా, దరి పట్టుడు నేర్చుకో’ అని మెట్ల నుంచి రెండు బారల దూరం నెట్టి, తిరిగి రమ్మనేవాడు. రోజులకు రోజులు అదే పని. విసుగొచ్చేది. బుర్ర విప్పిన రోజు మాత్రం బావి లోతెంతో అడగాలనిపించలేదు.

ఆ ఈత నాకింకా వచ్చు. బావే లేదు. చుట్టూ బోర్లు పడ్డాయి, ఊట తగ్గింది, ఓ వేసవిలో అడుగు బయటపడింది. తర్వాత పందిళ్లు పీకేసి ప్లాట్లు చేశారు. బావిని దేంతో పూడ్చారో నాకు తెలుసు, చెప్పబుద్ధి కాదు.

ఇంతవరకూ చదివినవాళ్లు, నేర్చుకునేవాళ్లకు ఔలీ వాలే మేలంటానని అనుకుంటూ ఉంటారు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ స్కీ కోర్సులు నడుపుతుంది, నిజమే. కానీ నిదానమైన వాలు గుల్‌మార్గ్ కింది మైదానంలోనూ ఉంది. వాలు చూసి తేల్చే తగువు కాదిది. అసలు మంచు పడుతుందా అన్నది ప్రశ్న. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు, చలి బాగా ముదిరే కాలం అది. మన సంక్రాంతి అందులోనే వస్తుంది. 2024 జనవరిలో ఆ రోజుల్లోనే గుల్‌మార్గ్ గడ్డి బయటపడి ఉంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు చాలినంత మంచు లేక మార్చికి జరిగాయి. ఔలీకి మాత్రం హామీ ఎవరిస్తారు?

అందుకే అక్క గడే గట్టిది. గుడిని బట్టి సెలవులు ఎంచుకునేవాళ్ల మీద ఈ కాలమ్‌లో ఎన్ని విసుర్లు విసిరానో మీకు తెలుసు. కానీ మంచు పడకపోతే మేనల్లుడి షీటులో గళ్లన్నీ సున్నాలే. అక్కకు నరసింహస్వామి ఉంటాడు, ఎదురుగా నందాదేవి ఉంటుంది.

జోషీమఠ్‌కూ ఓ చిక్కుంది. 2023 జనవరిలో అక్కడ నేల కుంగి ఇళ్లు బీటలు వారాయి, ఔలీ రోప్‌వే ఆపేశారు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా రోడ్డున పైకి వెళ్లేటట్టే ఏర్పాటు చేసుకోవాలి. రుషికేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. తెల్లవారుజామున బయల్దేరి, చీకటిపడితే ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే ఆగడం మంచిది. మేనల్లుడు వస్తానన్నాడు గానీ, స్కీలు అక్కడే అద్దెకు దొరుకుతాయంటే మొహం ముడిచాడు.