రాగాలే అధ్యాయాలైన గ్రంథం

పుస్తకంలో చదివిన పల్నాటి వీరచరిత్ర వేరు. కార్తీక అమావాస్యకు కారంపూడి తిరునాళ్లలో వీరవిద్యావంతులు పంబ మోగిస్తూ పాడగా విన్న కథ వేరు. శ్రీనాథుడి మంజరీ ద్విపదను బల్ల మీద పెట్టి చదివితే అర్థమవుతుంది. అదే కథ పాటగా వింటే ఒళ్లు జలదరిస్తుంది. అక్షరం మోయలేని బరువేదో పాట మోస్తుందని పల్నాడు వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే సిక్కుల కీర్తన సంప్రదాయం దూరదేశపు సంగతిగా కనిపించినా, మనకు తొందరగా అందే విద్యే.

సిక్కుల గురు గ్రంథ సాహిబ్ 1430 పుటల గ్రంథం. అయిదవ గురువు అర్జన్ 1604లో సంకలనం చేసిన ఆది గ్రంథం దీనికి మూలం. మొదటి పదమూడు పుటలు నిత్యపారాయణ భాగం. పద్నాలుగో పుట నుంచి రాగాలు మొదలవుతాయి. విషయాన్ని బట్టో, రాసినవారిని బట్టో కాకుండా ముందు రాగాన్ని బట్టి పంచిన గ్రంథం ఇది. శ్రీరాగంతో మొదలై జైజావంతితో ముగిసే 31 రాగాలే అధ్యాయాలు. ఒక్కో రాగంలో గురువుల పదాలు వరుసగా వచ్చాక కబీరు, నామదేవుడు, రవిదాసు వంటి భక్తుల పదాలు వస్తాయి. మనం అష్టపదులతో ఎరిగిన జయదేవుడి పేరుతోనూ రెండు పదాలు ఇందులో ఉన్నాయి. చివరి రాగమైన జైజావంతిలో పాడినవాడు తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్ ఒక్కడే.

రాగం పేరు రాసి పెట్టినంత మాత్రాన పాట నిలుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు తిరుమలలో ఉంది. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు. పాట దొరికింది, రాగం పేరూ దొరికింది. ఆయన పాడిన వరుస మాత్రం దొరకలేదు. ఇవాళ మనం వింటున్న వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ వంటివారు ఆ పని చేయకపోతే ఆ పాటలు రేకుల మీదే ఉండిపోయేవి. రాగి కరగలేదు గానీ నోటి నుంచి చెవికి నడిచే దారి మధ్యలో తెగింది. కర్ణాటక సంగీతంలో ఆ దారికి పాఠాంతరం అని పేరు. సిక్కులు దాన్ని రీత్ అంటారు. వాళ్ల దగ్గరా కొంత పోయింది, కొంత నిలిచింది. పదకొండు తరాలుగా కీర్తన పాడుతున్న వంశానికి చెందిన భాయీ అవతార్ సింగ్, భాయీ గురుచరణ్ సింగ్ సోదరులు తమ ఇంట నిలిచిన సుమారు 500 పాత వరుసలను స్వరపరచి రెండు సంపుటాలుగా అందించారు. పటియాలలోని పంజాబీ విశ్వవిద్యాలయం వాటిని ప్రచురించింది.

గ్రంథంలో రాగం పేరొక్కటే కాదు, ఎలా పాడాలో చెప్పే గుర్తులూ ఉన్నాయి. 'రహావు' అని రాసిన చోట ఆగాలి. ఆ పాదం మన పల్లవి లాంటిది. పదానికి గుండెకాయ అదే గనుక ప్రతి చరణం తరవాతా దానికే తిరిగి వస్తారు. 'ఘర్' అని ఒకటి నుంచి పదిహేడు వరకు అంకెలు ఉంటాయి. అవి తాళాన్ని సూచిస్తాయని చాలామంది పండితుల మాట. ఇక 'పడ్‌తాల్' పదాలలో ఒకే పాట నడుస్తూ తాళం మారుతుంది. రాగం అదే, నడక వేరు. మన తాళమాలికలు విన్నవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది.

పల్నాడు పాఠకుడు చెవి రిక్కించాల్సిన గుర్తు ఇంకొకటి ఉంది. గ్రంథంలో 22 'వార్'లు ఉన్నాయి. వార్ అంటే పంజాబులో వీరగాథ. వీటిలో తొమ్మిదింటి మీద ఫలానా వీరుడి పాట వరుసలో పాడాలని రాసి ఉంది. తెల్లవారుజామున గురుద్వారాల్లో పాడే ఆసా దీ వార్‌ను టుండా అసరాజు అనే రాకుమారుడి గాథ వరుసలో పాడాలి. సవతితల్లి వేసిన నిందకు చేయి పోగొట్టుకున్న రాకుమారుడతను. ఆ కథ వింటే మన సారంగధరుడు గుర్తు రాక మానడు. యుద్ధాల పాటకున్న ఊపును తీసుకొని, కత్తి దించి, దేవుడి మాటను అందులో కూర్చారు గురువులు. జనం నోట అప్పటికే ఉన్న వరుస గనుక కొత్త మాట తేలిగ్గా నిలిచింది. బాలచంద్రుడి కథ వరుసలో ఎవరైనా వేదాంతం పాడి ఉంటే పల్నాడులో ఎంతమంది నోట నిలిచేదో ఊహించండి.

ఇక వాద్యాలు. అన్నిటికంటే పాతది రబాబు. తోలు మూసిన కొయ్య బుర్రకు నరాల తీగలు కట్టి మీటుతారు. గురు నానక్ (1469–1539) పాడుతుంటే పక్కన భాయీ మర్దానా వాయించినది ఇదే. దాని నాదం గంభీరంగా, పొడిగా ఉంటుంది. ఒక మీటుకూ మరో మీటుకూ నడుమ నిశ్శబ్దం వినిపిస్తుంది. సారిందా కమానుతో వాయించే వాద్యం. దీన్ని గురు అర్జన్‌తో ముడిపెడుతుంది సంప్రదాయం. తావూస్ అంటే నెమలి. కింది భాగం నెమలి ఆకారంలో ఉండే ఈ పెద్ద వాద్యానికి వీణకు ఉన్నట్టే మెట్లు ఉంటాయి, వాయించేది మాత్రం కమానుతో. ముఖ్యమైన తీగ కింద సన్నటి తరఫ్ తీగలు ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టరు. పై తీగ పలికినప్పుడు అవి తమంతట తాము గుంయిమంటాయి. దిల్‌రుబా దీనికి చెల్లెలు. ఎత్తి భుజానికి ఆన్చుకోవచ్చు గనుక చాలామంది విద్యార్థులు దీనితోనే మొదలు పెడతారు.

తాళానికి జోడీ. మృదంగాన్ని నడుమకు కోసి రెండుగా నిలబెట్టినట్టు ఉంటుంది. వాయించే ముందు దాని ఎడమ భాగం మీద తడిపిన గోధుమపిండి ముద్ద అద్దుతారు. మన మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమవైపు రవ్వ పెట్టడం చూసినవారికి ఇందులో వింత కనిపించదు. పిండి ఎండితే నాదం మారుతుంది. అందుకే వాయించేవాడు దాన్ని కనిపెట్టుకొని ఉండాలి.

ఇన్ని వాద్యాలు ఉండగా గురుద్వారాల్లో హార్మోనియమే ఎందుకు వినిపిస్తుంది? మన పద్యనాటకాల్లోకి అది ఎందుకు వచ్చిందో అక్కడికీ అందుకే వచ్చింది. తేలిగ్గా దొరుకుతుంది, శ్రుతి చేయక్కర్లేదు, వెయ్యిమందికీ వినిపిస్తుంది. లోపమూ నాటకాల వాళ్లకు తెలిసిందే. మెట్టు నొక్కితే స్వరం నిలబడుతుంది, పక్క స్వరానికి జారదు. గమకం పలకదు. రెండు మెట్ల మధ్య ఉన్న సన్నటి స్వరస్థానం దానిలో లేదు. రాగం అనేది ఆ జారుడులోనే ఉంటుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టడానికి వెనక ఈ వాదన ఉంది. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో హార్మోనియాన్ని మూడేళ్లలో దశలవారీగా తగ్గించి తంత్రీ వాద్యాలు తేవాలని 2022లో సిక్కుల అత్యున్నత మతపీఠమైన అకాల్ తఖ్త్ సూచించింది. హార్మోనియం చెడ్డదని కాదు. అది గొంతుకు ఆసరా. ఆసరాయే గురువైతే చెవి అక్కడే ఆగిపోతుంది.

ఈ విద్యను కాపాడిన చేతులు ఎవరివో కూడా చెప్పుకోవాలి. మర్దానా ముస్లిం. ఆ పరంపరను చెప్పుకొనే ముస్లిం రబాబీలు 1947 దాకా స్వర్ణ దేవాలయంలో గుర్బానీ, అంటే గురువుల వాణి, పాడారు. దేశ విభజనతో వారు సరిహద్దు దాటారు. వారితోపాటు ఎన్నో వరుసలూ వెళ్లిపోయాయి. ఇది మనకు కొత్త సంగతి కాదు. మన దేవుళ్ల కల్యాణాలకు, ఊరేగింపులకు నాదస్వరం ఊదిన వంశాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాలవే. ఇవాళ పల్నాడు జిల్లాలో ఉన్న చిలకలూరిపేట ఆ విద్యకు పేరు పొందింది. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా ఇక్కడి షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకొని, తరవాత తంజావూరు బాణీనీ ఒడిసిపట్టి, శ్రీరంగంలో స్థిరపడి 1998లో సంగీత కళానిధి అయ్యాడు. దేవుడి పాటకు కాపలా కాసేవాడి మతం ఏమిటని పాట ఎన్నడూ అడగలేదు.

సరే, నరసరావుపేటలోనో గురజాలలోనో కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లకు ఇది అందుతుందా? చాలావరకు అందుతుంది. మాయామాళవగౌళలో సరళీ వరుసలు పాడినవారికి భైరవ్ స్వరాలు అప్పటికే గొంతులో ఉంటాయి. కల్యాణ్ మన కల్యాణి. బిలావల్ స్వరాలు మన శంకరాభరణానివి. తికమక అంతా పేర్లతోనే. వాళ్ల తోడి మన తోడి కాదు, ఆ స్వరాలు మన శుభపంతువరాళివి. మన తోడి స్వరాలు అక్కడ భైరవి అవుతాయి. 'ఎందరో మహానుభావులు' పాడే శ్రీరాగానికీ గ్రంథం మొదట్లో ఉన్న శ్రీరాగానికీ పేరు తప్ప పోలిక లేదు. అందుకే ముందు చెవి మారాలి, తరవాత గొంతు. తంబురా దగ్గర కూర్చొని మంద్ర షడ్జమం నిలపడం, ఒక్క రాగాన్ని నెలల తరబడి నమలడం, రహావు పాదం నోటికొచ్చాకే చరణానికి వెళ్లడం, వీటికి దగ్గరదారి లేదు. మాట అర్థం తెలియకుండా పాడటం ఆ సంప్రదాయంలో తప్పు. అందుకే గ్రంథం రాసిన గుర్ముఖి లిపి నేర్చుకోవడం సాధనలో భాగమే.

వినడానికి మరీ దూరం వెళ్లనక్కర్లేదు. 1832లో మహారాజా రంజిత్ సింగ్ పంపిన సైన్యంతో వచ్చిన సిక్కుల సంతతి తరతరాలుగా హైదరాబాదులో ఉంది. అమీర్‌పేట గురుద్వారాలో కీర్తన వినవచ్చు. విశాఖలో ఒక కూడలి పేరే గురుద్వారా. పదవ గురువు గోవింద్ సింగ్ 1708లో తుదిశ్వాస విడిచిన నాందేడ్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోదే. తలకు గుడ్డ చుట్టుకొని, చెప్పులు బయట విడిచి ఎవరైనా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. బయటికి వచ్చేటప్పుడు లంగరు అనే ఉమ్మడి వంటశాలలో అందరికీ భోజనం పెడతారు. బ్రహ్మనాయుడి చాపకూడు కథ విని పెరిగినవారికి ఆ పంక్తి పరాయిదిగా అనిపించదు.

పంజాబు వాళ్లు పోయిన వరుసల కోసం ఇవాళ ముసలి గొంతుల దగ్గర కూర్చుంటున్నారు. మనకు కారంపూడిలో ఆ గొంతులు ఇంకా పలుకుతున్నాయి. ఈ కార్తీకంలో తిరునాళ్లకు వెళ్తే ఫోను జేబులో పెట్టి, సంగీతం నేర్చుకుంటున్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, పంబ ఆగేదాకా వినండి.