గాజు పలకల మీద గోళపు పట్టీ

అమీర్‌పేట రద్దీకి కూతవేటు దూరంలో, బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఆవరణలో నిజామియా అబ్జర్వేటరీ గుమ్మటం ఇంకా నిలిచే ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన ఈ వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. ఇక్కడికి మారింది ఆ తర్వాతే. దీని పేరెత్తితే అందరూ 15 అంగుళాల దూరదర్శిని గురించే చెబుతారు. నా మనసంతా ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్ మీదే.

ఆకాశమంతటికీ ఫొటో పటం గీయాలని 1887లో పారిస్‌లో తీర్మానించి, వేధశాలలు ఖగోళాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగోకు కేటాయించినా అక్కడ సాగని దక్షిణ క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి కొలిచే కోణం) 17–23 డిగ్రీల పట్టీ హైదరాబాదుకు వచ్చింది. అనూరాధలోని ప్రకాశవంతమైన తార ఈ పట్టీలోదే.

ఆరు డిగ్రీల వెడల్పు, చుట్టూ 360 డిగ్రీలు. గుణిస్తే 2,160 చదరపు డిగ్రీలు. కానీ గోళం అలా లెక్కకు లొంగదు. 17వ డిగ్రీ దగ్గర వృత్తం చుట్టుకొలత మధ్యరేఖ మీది 344 డిగ్రీలకు సమానం. 23 దగ్గరికి వచ్చేసరికి 331కి తగ్గిపోతుంది. గోళంలో రెండు సమాంతర తలాల మధ్య పట్టీ వైశాల్యం వాటి మధ్య దూరాన్ని బట్టే ఉంటుందని ఆర్కిమెడిస్ ఏనాడో నిరూపించాడు. ఆ సూత్రం ప్రకారం అసలు వైశాల్యం సుమారు 2,029 చదరపు డిగ్రీలే.

ఈ వంపును కప్పాల్సింది ఒక్కో గాజు పలకలో పట్టే రెండేసి డిగ్రీల చదరాలతో. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కల (డిగ్రీలో అరవయ్యో వంతు). ఒక పలక మూల ఇంకో పలక నడిమధ్యకు వచ్చేలా తీయడం వల్ల ప్రతి తారా కనీసం రెండుసార్లు చిక్కుతుంది. పలక మీద ముందే ముద్రించిన 5 మిల్లీమీటర్ల గళ్ల ఆధారంగా, సూక్ష్మదర్శినిలో ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచారు. చదునైన గాజు మీద గోళం పడితే అంచులు సాగుతాయి: పలక మూలన ఆ సాగుదల 0.017 మిల్లీమీటరు, అంటే ఒక వికల (కలలో అరవయ్యో వంతు). దాన్నీ వదల్లేదు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

1918లో వేధశాల సంచాలకుడు పోకాక్ మరణించాక టి.పి. భాస్కరన్ ఈ పనిని ముందుకు నడిపించారు. ఆ పట్టీ అయ్యాక, జర్మనీలోని పోట్స్‌డామ్ వంతులోంచి ఉత్తర క్రాంతి 36–39 డిగ్రీల పట్టీనీ తలకెత్తుకున్నారు. అక్కడ గోళం ఇంకా బిగుసుకుంటుంది. దక్షిణపు పట్టీలో చదును లెక్కకూ అసలుకూ తేడా 6 శాతం. ఇక్కడ 1,080 చదరపు డిగ్రీలు 857కు, అంటే ఐదో వంతుకు పైగా తగ్గిపోతాయి.